కాంటర్ కుడిచెవి

మా ఊరు లౌటర్‌బ్రున్‌లో బతికున్న మనిషికి సైక్లమెన్ పూలకుండీ ఎవరూ ఇవ్వరు. తెలియక ఎవరైనా పుట్టినరోజుకి పట్టుకెళ్తే తలుపు తీసినావిడ మొహం మాడిపోతుంది. పాపం, ఆ పువ్వు చేసిన నేరమేమీ లేదు. అదంతా కాంటర్ ఓర్ట్‌విన్ హెర్టర్ పుణ్యం.

కాంటరంటే చర్చిలో ఆర్గన్ వాయించి, ఊరి గాయకబృందానికి పాట నేర్పేవాడు. హెర్టర్ ఆ పని ముప్ఫయ్యయిదేళ్లు చేశాడు. రొట్టెల హెర్టర్ కొడుకు. ఆరేళ్లప్పుడు పిండితొట్టి పక్కన కూర్చుని, "నాన్నా, పెద్దగంట నిన్నటికంటే ఇవాళ కాస్త కిందికి మోగుతోంది" అన్నాడట. చర్చి గోపురం ఎక్కి చూస్తే గంటకి వెంట్రుకంత పగులు. ఆ రోజునుంచీ ఊరు ఆ చెవిని నెత్తిన పెట్టుకుంది. బంగారు చెవి అన్నారు, దేవుడిచ్చిన చెవి అన్నారు. ఇరవయ్యెనిమిదేళ్లకి కాంటర్ అయ్యేనాటికి ఆయనకీ అదే నమ్మకం కుదిరింది. పాట ఎత్తుకునే ముందు శ్రుతిదండం మోగించి స్వరం సరిచూసుకోవడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. ఈయన ఆ ఇనప దండాన్ని సొరుగులో పడేశాడు. "కర్ర కుంటివాడికి కావాలి, నాకెందుకు?" అనేవాడు. నోటితో "మ్‌మ్" అని అందిస్తే అదే శ్రుతి, మారుమాట లేదు.

మనిషి చెడ్డవాడా అంటే, పాట దగ్గర మాత్రం రాక్షసుడే. అయితే పాట కట్టడం వచ్చినవాడు. అది కాదంటే కళ్లు పోతాయి.

యుద్ధం అయ్యాక, నలభయ్యారులో, బృందంలోని మగవాళ్లు పద్నాలుగుమంది తిరిగి రాలేదు. శవాలు లేవు. ఉత్త రాళ్లమీద పేర్లు చెక్కించారు. ఆ రాళ్లముందు పాడటానికి హెర్టర్ ఒక పాట కట్టాడు. మూడే చరణాలు. వాయిద్యం లేదు, ఉత్త గొంతులే. మూడో చరణం ఎత్తుగడలో అందరూ ఆగిపోతారు. ఆల్టోలు, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతువాళ్లు, వాళ్లు మాత్రమే రెండు వరసలు పాడతారు. ఆ రెండు వరసలు వినడానికే సాటి ఊళ్లవాళ్లు మా ఊరి చావులకి వచ్చేవారు. నిజం చెప్పాలంటే ఆ రెండు వరసలూ హెర్టర్‌వి కావు. ఆ ఆకలి చలికాలంలో ఆయన భార్య రోజీనె వంటింట్లో టర్నిప్ దుంపలు చెక్కుతూ ఊరికే కూనిరాగం తీసింది. "ఆగు, ఇంకోసారి అను" అన్నాడాయన. రేషను కాగితం వెనక రాసుకున్నాడు. పాటమీద పేరు మటుకు ఒక్కటే పడింది. ఆవిడ పట్టించుకోలేదు. "నా దుంపల పాట ఎంత దూరం వెళ్లిందో చూశావా!" అని నవ్వేది.

దానికి సమాధిపాట అని పేరు స్థిరపడింది. కాటికాపరి ఎబర్లె పాతికేళ్లు పార పట్టుకుని పక్కన నిలబడి దాన్ని విన్నాడు. గొంతు లేదని బృందంలోకి రానివ్వలేదు గానీ, చెవి ఉన్నవాడు. "ఈ పాట గ్యారంటీ అంటే నేనిప్పుడే గోతిలో పడుకుంటా" అని తాగినప్పుడల్లా అనేవాడు.

యాభై మూడులో పాలడిపో ఓనరు ఎండబెట్టిన పంది తొడ ఒకటి భుజాన వేసుకుని కాంటర్ ఇంటికి వచ్చాడు. అత్తగారు పోయింది, సమాధిపాట పాడించాలని. ఆవిడ జన్మలో ఒక్క స్వరం పలికిన పాపాన పోలేదు. హెర్టర్‌కి ముక్కుమీద కోపం. "పాటని మాంసానికి అమ్ముతాననుకున్నావట్రా!" అని తొడతో సహా మెట్లు దింపాడు. అదే రాత్రి బృందం నిబంధనల పుస్తకంలో తన దస్తూరీతో రాశాడు: చనిపోయిన రోజున బృందంలో ఉన్నవారికి తప్ప సమాధిపాట లేదు. ఇంతవరకూ బాగానే ఉందని అందరూ మెచ్చుకున్నారు.

అరవై ఒకటిలో ఇంకోటి రాశాడు. అరవై నిండినవాళ్లు ఏటా జనవరి తొలి గురువారం, అందరి ముందూ, తమ వరసలోనే లేచి నిలబడి ఒంటరిగా ఒక కీర్తన నాలుగు చరణాలు పాడాలి. శ్రుతి నిలిస్తే ఉంటారు. జారితే చేతికి నీలం అట్ట సన్మానపత్రం, ఒక సైక్లమెన్ కుండీ ఇచ్చి పంపిస్తారు. పాడటం అయ్యాక కాంటర్ అనేది రెండే మాటలు. "శ్రుతి నిలిచింది" అనో, "శ్రుతి తగ్గింది" అనో. పియానో మీట నొక్కి సరిచూడటం లేదు. ఆయన చెవే తరాజు.

"మరి మీ పరీక్ష ఎప్పుడండీ కాంటర్ గారూ?" అని ఎబర్లె ఒకసారి సారాకొట్టులో అడిగాడు.

"నేను పాడను ఎబర్లె, పాడిస్తాను" అన్నాడు హెర్టర్. అందరూ పకపకా నవ్వారు.

అరవై నాలుగులో కరోలీన రైబ్లె లేచి పాడింది. ముప్ఫయ్యొక్కేళ్లు ఆల్టో పాడిన మనిషి. శ్రుతి తగ్గిందన్నాడు. ఆరునెలలకి ఆవిడ పోయింది. కొడుకు గొట్‌హిల్ఫ్ రైబ్లెకి బజారులో మేకులూ బోల్టులూ అమ్మే కొట్టుంది. బృందానికి కార్యదర్శి కూడా అతనే. టోపీ చేతిలో పట్టుకుని కాంటర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క పాటండీ. మా అమ్మ మీ ముందే ముసలిదైంది."

"నిబంధనకి అమ్మలు ఉండరు రైబ్లె" అన్నాడు హెర్టర్.

కరోలీన గంట మోతతోనే మట్టిలోకి వెళ్లింది. రైబ్లె కార్యదర్శి పని మానలేదు. మరుసటి జనవరిలో మరొకరికి సైక్లమెన్ కుండీ తనే కొనుక్కొచ్చి అందించాడు. నవ్వే మొహం అయితే మళ్లీ ఎవరూ చూడలేదు.

అలా అయిదేళ్లలో నలుగురు వెళ్లిపోయారు. నలుగురూ ఆల్టోలే. కాంటర్ ఎదురుగా నిలబడితే ఆయనకి ఎడమవైపు పైస్థాయి సొప్రానోలు, కుడివైపు ఆల్టోలు. ఎడమపక్కన డెబ్బై ఏళ్ల క్లెట్ అనే ముసలావిడ పాత తలుపులా కిర్రుమన్నా "నిలిచింది" అనేవాడు. కుడిపక్కన తేనె కారినా తగ్గిందనేవాడు. ఇదేమిటి చెప్మా అని ఒక్క పుర్రెకీ తట్టలేదు. తట్టినా నోరు పెగల్లేదు.

అరవై తొమ్మిది జనవరిలో రోజీనె వంతు వచ్చింది. పంతొమ్మిదో ఏట చేరింది, నలభై ఒక్కేళ్లు ఒక్క గురువారం సాధన మానలేదు. పిల్లలు లేరు. ఆవిడకి ఉన్నదల్లా ఆ వరసలో మూడో కుర్చీ. బూడిదరంగు గౌను ఇస్త్రీ చేసుకుని వచ్చింది. గదంతా తడిసిన ఉన్నికోట్ల వాసన. హెర్టర్ "మ్‌మ్" అని స్వరం అందించాడు. ఆవిడ నాలుగు చరణాలూ పాడింది. కళ్లు మూసుకుని విన్నారు జనం. చివరి స్వరం గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది.

హెర్టర్ తల వంచుకునే విన్నాడు. తర్వాత అన్నాడు: "శ్రుతి తగ్గింది."

అంతవరకూ ఎవరూ అడగని మాట ఆవిడ అడిగింది. "ఎంత?"

"అరస్వరం."

"పియానో మీట నొక్కి చూడు ఓర్ట్‌విన్. మూడడుగుల దూరం లేదు."

"నా చెవి ఉండగా పియానో ఎందుకు?"

నలభై రెండుమంది ఉన్నారక్కడ. ఎనభై నాలుగు చెవులు. ఒక్కటంటే ఒక్కటి కూడా తగ్గిందని వినలేదు. ఛీ, ఏం మనుషులు! అందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు. ప్రతివాళ్లకీ అరవయ్యో ఏడు ముందుంది, లేదా ఇప్పటికే మెడమీద ఉంది. ఇవాళ ఎదిరిస్తే రేపు ఆ చెవి తమమీదికి తిరుగుతుందని భయం. తిలాపాపం తలా పిడికెడు. రైబ్లె సైక్లమెన్ కుండీ తెచ్చి రోజీనె చేతిలో పెట్టాడు. ఆవిడ థాంక్స్ చెప్పి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

కాంటర్ ఇంటికి వెళ్లేసరికి బల్లమీద పప్పూ, నూడుల్సూ, సాసేజీ పొగలు కక్కుతున్నాయి. కుండీ కిటికీలో ఉంది. ఏడాదిగా రోజీనె భోజనానికి ఆయనకి ఎడమవైపు కుర్చీలోనే కూర్చుంటోంది. అంతకుముందు ముప్ఫయ్యేళ్లు కుడివైపు కూర్చునేది. ఎందుకు మారావని ఆయన ఏనాడూ అడగలేదు.

"నేను సరిగ్గానే పాడాను" అంది.

"నా చెవికి తగ్గింది."

"నీ చెవికి" అంది రోజీనె. ఆ మాట ఎంతో మెల్లగా అంది. సాసేజీ ఆయన కంచంలో వేస్తూ మళ్లీ అడిగింది: "అయితే సమాధిపాట నాకు లేనట్టేనా?"

"మళ్లీ జనవరిలో పరీక్షకి నిలబడొచ్చు."

"అప్పుడు మాత్రం నీకు కొత్త చెవి మొలుస్తుందా? తిను, చల్లారిపోతోంది."

మరుసటి జనవరిలో ఆవిడ నిలబడలేదు. గురువారం సాయంత్రాలు ఇంట్లో కూర్చుని మేజోళ్లు అల్లుకునేది. ఆయన కోత కీర్తన రాసుకునేవాడు. అది ఆయన జీవితమంతా దాచుకున్న పెద్ద రచన. గంటన్నర పాట, నాలుగు గొంతులు, పన్నెండేళ్ల శ్రమ. డెబ్బై ఒకటి జూన్‌లో బృందానికి నూట పాతికేళ్ల ఉత్సవం. స్టుట్‌గార్ట్ నుంచి రేడియోవాళ్లు వస్తారు. ఆ రోజు దాన్ని తనే నడిపించి, మరుసటి ఏడు రిటైరవ్వాలి. ఇంకే ఆశా లేదు మనిషికి.

డెబ్బైలో ఆకులు రాలే కాలంలో ఆర్గన్ సరిచేసే వెండెలిన్ ఏటా వచ్చినట్టే వచ్చాడు. గొట్టాలన్నీ తుడిచి శ్రుతి కట్టి దిగాడు. హెర్టర్ వాయించి చూసి విరుచుకుపడ్డాడు.

"కుడివైపు గొట్టాలన్నీ కిందికున్నాయి. డబ్బులు తీసుకుని నిద్రపోయావా?"

వెండెలిన్ జేబులోంచి శ్రుతిదండం తీసి మోకాలిమీద కొట్టాడు. హెర్టర్ ఎడమచెవి దగ్గర పెట్టాడు. "సరిగ్గా ఉందా?"

"ఉంది."

దండం ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని కుడిచెవి దగ్గరికి తిప్పాడు. అరస్వరం కిందికి దిగిపోయింది. మళ్లీ ఎడమకి పెట్టమన్నాడు. మళ్లీ కుడికి. తనే లాక్కుని నాలుగైదుసార్లు కొట్టుకున్నాడు.

"దండం ఒకటేనండీ కాంటర్ గారూ. తేడా చెవుల్లో ఉంది" అన్నాడు వెండెలిన్. "మా నాన్నకీ ఇలాగే వచ్చింది. ఎన్నాళ్లయింది మీకు?"

ఎన్నాళ్లయిందో హెర్టర్‌కి అర్థమైంది. కుడివైపు నిలబడ్డవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కరోలీన రైబ్లెతో మొదలై తన ఇంటి దాకా వచ్చాయి. వెండెలిన్‌కి రేగుపళ్ల సారా సీసా ఒకటి ఇచ్చి, ఈ మాట ఇక్కడే సమాధి చెయ్యమన్నాడు.

ఇంటికి వెళ్తే రోజీనె పెరట్లో సీమదానిమ్మలు కోస్తోంది. ఆయన కంచె దగ్గర నిలబడ్డాడు. చెప్పాలనే నిలబడ్డాడు.

"ఏమిటలా చూస్తున్నావు? ఏమన్నా చెప్పాలా?" అంది.

"లేదు. గాలి చల్లగా ఉంది, శాలువా కప్పుకో."

పిరికిపంద! చెబితే ఏం పోయేది? బృందాన్ని నడిపించే చేతికర్ర పోయేది. కోత కీర్తనని వేరేవాడు నడిపించేవాడు. జూన్ అయిపోనీ, అప్పుడు అందరిముందూ చెప్తాను, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఆ మూడో కుర్చీలో కూర్చోబెడతాను అని తనకి తనే ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్లదేముంది, తీరిగ్గా పెట్టుకోవచ్చు.

చలికాలం పోతూపోతూ రోజీనె గుండెని పట్టుకుంది. ఏప్రిల్‌లో మంచం దిగలేకపోయింది. డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం ఆవిడే కదిలించింది.

"ఓర్ట్‌విన్, ఈవైపు కూర్చో, నీకు వినపడేవైపు."

ఆయన కుర్చీ అటు జరిపాడు. ఎడమచెవి ఆవిడవైపు పెట్టి కూర్చున్నాడు.

"నాకు ఎప్పుడో తెలుసు. రేడియోకి తల తిప్పుకునేవాడివి. చూడు, నేను దేనికీ నిన్ను అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నా. గురువారం వాళ్లతో ఒక్క మాట చెప్పు. రోజీనెకి శ్రుతి తగ్గలేదు అని చెప్పు చాలు. నన్ను లోపల రాసుకుంటారు. నా రెండు వరసలు నాకు పాడతారు."

"చెప్తాను. జూన్ కానీ."

"జూన్ దాకా నేనుంటానా?"

"ఉంటావు. ఎందుకుండవు?"

"సరేలే. నీ కోత కోసుకో" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

మూడు గురువారాలు గడిచాయి. మూడుసార్లూ ఆయన బృందం ముందు నిలబడి కోత కీర్తన సాధన చేయించి ఇంటికి వచ్చాడు. నాలుగో గురువారానికి రెండురోజుల ముందు, మే పదకొండున, రోజీనె పోయింది.

ఆ గురువారం ఆయన నల్లకోటులో సాధనగదికి వెళ్లాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోమనలేదు.

"నా కుడిచెవి పాడైంది. ఏడేళ్లో ఎనిమిదేళ్లో అయింది. రోజీనెకి శ్రుతి తగ్గలేదు. ఎవరికీ తగ్గలేదు. రేపు సమాధిపాట పాడాలి మీరు."

ఎవరైనా ఉలిక్కిపడతారనుకున్నాడు. ఎవరూ పడలేదు.

"మాకు తెలుసండీ" అంది క్లెట్ ముసలావిడ. ఆవిడ అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది. "ఆవిడ పాడిన రోజే తెలుసు. అందరం విన్నాంగా. మర్నాడు రోజీనె ఇంటింటికీ తిరిగి బతిమాలింది. ఎవరూ నోరెత్తకండమ్మా, ఆయనకి ఆ చెవి తప్ప ఇంకేముంది, చెప్తే ఆయనే చెప్పాలి అంది."

హెర్టర్ పియానో అంచు పట్టుకున్నాడు. "అయితే పాడతారుగా?"

రైబ్లె అప్పటికే నిబంధనల పుస్తకం తెచ్చి తెరిచి పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

"చనిపోయిన రోజున బృందంలో ఉన్నవారికి తప్ప. మీ దస్తూరీయేనండీ."

"నేను రాసిందే. నేనే కొట్టేస్తున్నాను."

"నిబంధన మార్చాలంటే జనవరి సర్వసభ్య సమావేశంలోనే మార్చాలి. అదీ మీరు రాసిందే, కింద చూడండి. ఆవిడ జనవరి దాకా ఆగుతుందా?"

"రైబ్లె, నా భార్యయ్యా!"

"నిబంధనకి భార్యలు ఉండరండీ" అన్నాడు రైబ్లె. "మా అమ్మ ఆరునెలలు బతికింది. ఆ ఆరునెలలూ వంటింట్లో ఒంటరిగా పాడుకుని, గొట్‌హిల్ఫ్, ఎక్కడ తగ్గిందిరా అని నన్నడిగేది. తగ్గలేదమ్మా అంటే నమ్మేది కాదు. కాంటర్ గారి చెవి తప్పదురా అనేది."

ఎవరైనా అడ్డం పడతారేమోనని హెర్టర్ వరసలన్నీ కలయజూశాడు. మళ్లీ అందరూ బూట్లే చూసుకుంటున్నారు. ఆ అలవాటు వాళ్లకి నేర్పింది ఆయనే.

శుక్రవారం పొద్దున ఊరంతా వచ్చింది. బృందం మొత్తం వచ్చింది, నల్లబట్టల్లో, నోళ్లు మూసుకుని. గంట మోగింది. పాస్టర్ ప్రార్థన ముగించి, పాతికేళ్ల అలవాటు కొద్దీ పాట కోసం పక్కకి జరిగాడు. అప్పుడు గుర్తొచ్చి, మళ్లీ ముందుకి రావడానికి సిగ్గుపడి అక్కడే ఆగిపోయాడు. ఆ ఖాళీలో చెట్టుమీద పిట్టల గోల తప్ప ఏమీ వినిపించలేదు.

హెర్టర్ గోతి అంచుకి వెళ్లాడు. "మ్‌మ్" అని తనకి తనే స్వరం అందించుకున్నాడు. మూడో చరణం ఎత్తుకున్నాడు. రోజీనె రెండు వరసలు. అరవై మూడేళ్ల మగగొంతు, వణుకుతోంది, అయినా చివరిదాకా లాక్కొచ్చాడు. వరసల్లో ఆడవాళ్లు వెక్కుతున్నారు గానీ ఒక్క గొంతు కలవలేదు.

అయిపోయాక ఆయన తల ఎత్తాడు. నిలిచిందో జారిందో ఆయనకి తెలియలేదు. పాడుతున్నంతసేపూ ఒక చెవిలో ఒక పాట, రెండో చెవిలో ఇంకో పాట. కుడిపక్కన రైబ్లె నిలబడి ఉన్నాడు. జన్మలో మొదటిసారి కాంటర్ హెర్టర్ ఇంకొక మనిషిని అడిగాడు.

"ఎలా ఉందయ్యా? నిజం చెప్పు."

రైబ్లె టోపీ పెట్టుకున్నాడు.

"శ్రుతి తగ్గింది, కాంటర్ గారూ" అన్నాడు.

హెర్టర్ తల ఊపాడు. నమ్మాడు. సోమవారం తాళంచెవులు పాస్టర్ చేతికి ఇచ్చేశాడు. ఉత్సవంలో కోత కీర్తన బదులు వేరే ఏవో పాడారు. తాళంచెవులు ఇచ్చేసిన వారంలోనే, గురువారంనాడు, ఆయన గుమ్మంలో నీలం అట్ట కాగితమూ, సైక్లమెన్ కుండీ కనిపించాయి. ఎవరు పెట్టారో చూసినవాళ్లు లేరు. తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఆ నాలుగేళ్లలో ఆయన నోట కూనిరాగం కూడా ఎవరూ వినలేదు.

ఆ శుక్రవారం గోయి పూడ్చి ఇంటికి వచ్చిన ఎబర్లె బూట్లు విప్పుకుంటూ పెళ్లాంతో అన్నాడు: "ఇవాళ ముసలాయన పాడాడే! పాతికేళ్లుగా వింటున్నా. ఇంత నిక్కచ్చిగా ఎవరూ పాడలేదు. వెంట్రుకవాసి కూడా జారలేదు."

"మరి ఆయనతో ఆ ముక్క అనకపోయావా?" అంది పెళ్లాం.

"నన్నెవరడిగారు?" అన్నాడు ఎబర్లె. "సూపు పెట్టు."